టపా ఎక్కడ చిక్కుకుంది?

ఉత్తరం రాకపోతే పూర్వం పోస్టుమాన్ మీద అనుమానపడేవాళ్ళం. ఇప్పుడు అనుమానమంతా కంప్యూటరు మీదే. "పాతబడింది, కొత్తది కొనాల్సిందే" అని ఇంట్లో ఒకరంటారు. "ఫార్మాట్ కొట్టిస్తే సరి" అని ఇంకొకరు తీర్పు చెబుతారు. నేను చూసినంత మటుకు చాలా సందర్భాల్లో పాపం, కంప్యూటరు నిర్దోషి. టపా దారిలో ఎక్కడో చిక్కుకుని ఉంటుంది. ఎక్కడన్నది కనిపెడితే సగం వైద్యం అయినట్లే.

మాది వెల్గటూరు. శాతవాహనుల నాణేలు బయటపడిన కోటిలింగాల మా మండలంలోదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫుకు పోయినవాళ్ళు లేని ఊరు అరుదు. "ఫోనులో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే రోజుల్లో ఈమెయిలెందుకండీ?" అంటారేమో. మాటలకు ఫోను చాలును. కాని వీసా నకలు, కంపెనీ ఒప్పందం, విమానం టిక్కెట్టు, బ్యాంకు కాగితం వంటివి ఇప్పటికీ ఈమెయిల్లోనే ఎక్కువగా వస్తాయి. అందుకే అవుట్‌లుక్, థండర్‌బర్డ్ వంటివి ఇళ్ళలోనూ దుకాణాల్లోనూ ఇంకా నడుస్తున్నాయి. నాకు ఈ విద్య కాస్త వచ్చునని ఊళ్ళో తెలిసిపోయింది కాబట్టి సాయంకాలమయ్యేసరికి ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉంటారు.

వచ్చినవారిని నేను మొదట అడిగేది ఒకటే: "బ్రౌజరులో మీ ఖాతా తెరిచి చూశారా?" కొత్త ఉత్తరం అక్కడ ఉండి ఇక్కడ లేకపోతే లోపం మన సాఫ్ట్‌వేరుదే. అక్కడా లేకపోతే, మన యంత్రాన్ని విప్పి లాభం లేదు. ఖాతాలో చోటు నిండిందేమో చూడాలి. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో ఉత్తరాలే కాదు, ఫోను నుంచి ఎక్కే ఫోటోలు కూడా చేరతాయి. అది నిండితే కొత్త ఉత్తరాలు వచ్చిన దారినే వెనక్కి పోతాయి.

అన్నట్లు, జంక్ అనే అర కూడా ఒకసారి తెరవండి. అసలు వీసా నకలు అందులో పడి ఉండడం, దొంగ ఉద్యోగపు కబురు ఎదుట కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. డబ్బు కట్టమనే ఉద్యోగపు ఉత్తరం ఎంత అందంగా ఉన్నా, ఆ ఏజెంటు పేరు ప్రభుత్వంవారి ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసిన తరువాతే జేబులో చెయ్యి పెట్టాలి.

ఇక ఉత్తరాలు వస్తున్నాయి గాని పోవడం లేదనే ఫిర్యాదు. టపాకు వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. పోయేదాన్ని ఎస్.ఎం.టి.పి. అంటారు. దానికి సాధారణంగా 587 గాని 465 గాని ద్వారం. పాత అమరికల్లో 25 అని ఉంటే మార్చండి. ఇంటి కనెక్షన్లలో ఆ ద్వారాన్ని చాలా కంపెనీలు మూసేశాయి.

మొన్న ఒకాయన వచ్చాడు. "సారూ, బిడ్డ పెండ్లి ఫోటోలు పొద్దుగాల్ల నుంచి పంపుతున్న. పోతలేవు. దాని ఎనుక రాసినయి గూడ పోతలేవు" అన్నాడు. అవుట్‌బాక్సు తెరిస్తే బరువైన ఉత్తరమొకటి వాకిట్లో అడ్డంగా కూర్చుంది. జీమెయిల్ హద్దు 25 మెగాబైట్లు. దారిలో జతపత్రం బరువు మూడోవంతు పెరుగుతుంది కనుక 18 దాటితేనే జాగ్రత్త పడాలి. వర్క్ ఆఫ్‌లైన్ నొక్కి, ఆ ఉత్తరాన్ని డ్రాఫ్టుల్లోకి జరిపి, ఫోటోలను డ్రైవులో పెట్టి లంకె మాత్రం పంపించాం. తిరిగి ఆన్‌లైన్ చేయగానే వెనకవన్నీ బిలబిలమంటూ బయలుదేరాయి.

సరైన పాస్‌వర్డు ఇచ్చినా మళ్ళీ మళ్ళీ అడుగుతోందా? మీ జ్ఞాపకశక్తిని నిందించుకోకండి. పాత సాఫ్ట్‌వేర్లకు ఉత్త పాస్‌వర్డుతో తలుపు తెరవడం గూగుల్‌వారు 2022లో మామూలు ఖాతాలకు మాన్పించారు. ఇప్పుడు రెండు మార్గాలు. ఖాతాను తీసి మళ్ళీ కలిపి, గూగుల్ కిటికీలోనే అనుమతి ఇవ్వడం ఒకటి. సాఫ్ట్‌వేరు మరీ పాతదైతే, రెండంచెల తనిఖీ పెట్టుకుని 16 అక్షరాల 'యాప్ పాస్‌వర్డు' తీసుకోవడం రెండోది. అయితే ఖాతా తీసేముందు, ఉత్తరాలు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవాలి సుమా! అదెందుకో చెబుతాను.

'సర్టిఫికెట్ సరిలేదు' అని యంత్రం బెదిరిస్తే ముందు మూలనున్న తేదీ చూడండి. లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది. వైద్యం ఆ చిన్న బిళ్ళే. తెలుగు ఉత్తరం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తే, రాసినవారు యూనికోడ్ కాని పాత ముద్రణ ఫాంటు వాడారన్నమాట. యూనికోడ్‌లోకి మార్చి పంపమనండి.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరికి ఉంచాను. ఉత్తరాలు తెచ్చుకునే పద్ధతులు రెండు. పాప్ అంటే పోస్టాఫీసుకు పోయి టపా ఇంటికి తెచ్చుకోవడం. నకలు ఉంచమని చెప్పకపోతే అక్కడ ఏమీ మిగలకపోవచ్చు. ఐమాప్ అంటే టపా అక్కడే ఉంటుంది, ఇక్కడ కనిపించేది అద్దంలో బొమ్మ. ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది.

మా వైపు ఒక రిటైరైన పెద్దసారు ఉన్నారు. కొడుకు దుబాయి నుంచి ఏళ్ళ తరబడి రాసిన ఉత్తరాలు ఆయన కంప్యూటర్లో ఉన్నాయి. కొడుకు ఇప్పుడు లేడు. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక అవుట్‌లుక్ తెరుచుకోలేదు. బాగుచేసే అబ్బాయి ఫార్మాట్ చేద్దామన్నాడట. నేను చూసేసరికి ఖాతా పాప్ పద్ధతిది. బ్రౌజరులో ఒక్క ఉత్తరమూ లేదు. ఉన్నదంతా ఒకే ఒక పి.ఎస్.టి. ఫైలులో! 2002 నాటి వరకు వచ్చిన అవుట్‌లుక్‌లలో ఆ ఫైలుకు 2 గిగాబైట్ల హద్దు. తరువాత వచ్చిన వాటిలో ఆ పాత ఫైలునే వాడుకున్నా పాత హద్దే వర్తిస్తుంది. ఈ ఫైలు దాదాపు ఆ హద్దు దగ్గరికి వచ్చి, దెబ్బతిని ఉంది.

అవుట్‌లుక్ మూసి, ముందు ఆ ఫైలును వేరే డిస్కులోకి నకలు తీశాం. మూలాన్ని ముట్టుకోకుండా, నకలు మీద స్కాన్‌పిఎస్‌టి అనే మరమ్మతు పనిముట్టు నడిపించాం. అది అవుట్‌లుక్‌తో పాటే వస్తుంది. తప్పులు లేవనేదాకా దాన్ని మళ్ళీ మళ్ళీ నడపాలి. కొన్ని ఫోటోలు దక్కలేదు. ఉత్తరాలు దక్కాయి.

ఆయన చాలాసేపు తెర వంక చూసి, "ఇవి కాయితం మీద వస్తయా?" అని మాత్రం అడిగారు.

"వస్తయి సార్" అన్నాను. రెండు రీములు పట్టాయి.

కాబట్టి ఈ ఆదివారం ఒక చిన్న పని పెట్టుకోండి. అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి మీది పాపో ఐమాపో చూడండి. పాప్ అయితే సాఫ్ట్‌వేరు మూసి, ఉత్తరాల ఫైలును వేరే డిస్కులోకి నకలు తీసి బీరువాలో పెట్టండి. నెలకొకసారి చాలు. ఎవరైనా ఫార్మాట్ అన్న మాట ఎత్తితే, ముందు ఆ డిస్కు ఎక్కడుందో చూసుకుని, ఆ తరువాతే తల ఊపండి. యంత్రం బజారులో మళ్ళీ దొరుకుతుంది. రాసినవారి చేతి మాట ఏ బజారులోనూ దొరకదు.