కాలిన పుస్తకం, మళ్ళీ రాసిన చేయి

మాది కోవిల్‌పట్టి. పక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారిలాగే మాకూ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మా అమ్మమ్మ, తన బైబిల్లోనే. అగ్గిపెట్టెలు అంటించిన జిగురు ఆమె గోళ్ళ సందుల్లో ఎండి ఉండేది. ఆ వేలే ఒక్కో అక్షరం మీద పెట్టి చదివించేది.

పగలు విరుదునగర్‌లో పప్పుల మండీలో లెక్కలు రాస్తాను. రాత్రిళ్ళు సంఘానికి పాటలు రాస్తాను.

అమ్మ పోయిన ఏడు నా పాటల నోటుబుక్కును పొయ్యిలో పెట్టేశాను. ఆదివారం అందరికీ ఓదార్పు పాట పాడటం, ఇంటికొచ్చి దేవుడు వింటున్నాడా అని ఏడవటం. అబద్ధం రాస్తున్నానేమోనని భయమేసింది. కథ రాసేవాడు తన సందేహాన్ని ఒక పాత్ర నోట పలికించవచ్చు. పాట రాసేవాడికి ఆ చాటు లేదు. మనసు విప్పితే విశ్వాసం లేదంటారని లోపలే దాచుకుంటాడు. క్రైస్తవ రచయితను తినేసే దిగులు ఎక్కువగా ఇదే.

నన్ను మళ్ళీ కూర్చోబెట్టింది యిర్మీయా గ్రంథం. ప్రవక్త చెప్పినదంతా బారూకు అనే లేఖికుడు సిరాతో రాశాడు. చలికాలం. యెహోయాకీము రాజు కుంపటి ముందు కూర్చున్నాడు. మూడు నాలుగు పుటలు చదివించుకోవడం, చాకుతో కోయడం, నిప్పులో వేయడం. అలా గ్రంథపు చుట్ట అంతా బూడిదైంది. బారూకు ఇంకో చుట్ట తీసుకుని మొదటినుంచి రాశాడు. ఈసారి మాటలు ఇంకా పెరిగాయి.

45వ అధ్యాయం చూడండి. ఐదే వచనాలు. మూలిగి మూలిగి అలసిపోయాను, నెమ్మది లేదు అంటాడు బారూకు. దేవుడు అతణ్ణి వెళ్ళగొట్టలేదు. గొప్పలు కోరవద్దన్నాడు, ప్రాణం దక్కిస్తానన్నాడు. పేరు తెస్తానని మాత్రం అనలేదు. ఆ అనకపోవడమే నాకు ఊరట.

మన తెలుగుకూ ఇలాంటి గాయం ఉంది. 1812 మార్చి 11న బెంగాల్‌లోని శ్రీరాంపూర్ అచ్చుకూటం తగలబడితే, మిషనరీ విలియం కేరీ రాతప్రతులతోపాటు తెలుగు వ్యాకరణమూ కాలిపోయింది. ఆయన మళ్ళీ రాశాడు. 1814లో అది అచ్చయింది. ఇక ఓపిక సంగతికొస్తే, మా తిరునెల్వేలి వైపు కవి హెచ్.ఏ. కృష్ణపిళ్ళై గారు 1858లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆంగ్ల రచయిత బన్యన్ రాసిన యాత్రికుడి కథను కావ్యంగా మలచిన ఆయన ‘రక్షణ్య యాత్రికం’ 1894లో వెలువడేనాటికి ఆయనకు డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డాయి.

నేను సాయంత్రం రైల్లో మండీ చీటీల వెనక రాయడం మొదలుపెట్టాను. సాత్తూరు వచ్చేసరికి రెండు చరణాలు. పోయిన పాటల్లో పదకొండు గుర్తొచ్చాయి. మిగతావి రాలేదు, కొత్తవి వచ్చాయి. వాటిలో ప్రశ్నలున్నాయి. సంఘంలో మొదటిసారి అలాంటి పాట పాడినరోజు, భర్త పోయిన ఒక అక్క నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పాటలు రాసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అయినా అది 150 కీర్తనల్లో ఒకటిగా నిలిచే ఉంది. వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అది అవిశ్వాసం కాదు. మీ చీకటి పాటను చింపకండి. మీరు నమ్మే ఒక్కరికైనా చదివి వినిపించండి.