గీతలలో చూచిన మృగము

అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ట్రాయ్ పట్టణపు అంగడిలో, 1974 జూన్ 26న ఒక యంత్రము చూయింగ్ గమ్ పొట్లముపై నల్లని గీతలను చదివి వెల తేల్చెను. నేటి బార్‌కోడుతో జరిగిన తొలి అమ్మకమది. కొలది యేండ్లకే అచటి క్రైస్తవులు కొందరు ఆ గీతలలో, బైబిలు ప్రకటన గ్రంథము చెప్పిన మృగపు సంఖ్యయగు 666ను చూచిరి. 1981లో మేరీ స్టూవర్ట్ రెల్ఫ్ వ్రాసిన పుస్తకము ఆ భయమును ఇంకను పెంచెను.

కోడునకు మొదట, నడుమ, చివర రెండేసి సన్నని గీతలుండును. అవి అంకెలు కావు, యంత్రమునకు హద్దురాళ్లు. 6ను తెలుపు గీతలతో వానికి పోలిక కలదు. కలవరమంతయు అంతమాత్రమునకే.

అయినను వారిని వెర్రివారని తోసిపుచ్చరాదు. మృగముద్ర లేనివానికి క్రయవిక్రయములు సాగవని చెప్పిన ఆ గ్రంథమే, సంఖ్యను లెక్కించి చూడుమని చదువరిని పిలిచినది. మన కటపయాదిలో వలె హీబ్రూ అక్షరములకును సంఖ్యలు కలవు. 666 రోము నేలిన నీరో పేరని పలువురు పండితుల మతము. అట్లయినచో అధికారమునకు వెరచి దాచిన ఆ మాట, తాళపుచెవి పోయిన పెట్టెవలె మిగిలినది. తన కొనుగోలు అమ్మకములు అంతుపట్టని యంత్రముల పాలగుచున్నవని తోచిన భక్తుడు, దొరికిన తాళపుచెవినెల్ల అందు దూర్చి చూచును. పైగా తనవంటి కొందరికే గుట్టు తెలిసినదను తృప్తి యొకటి!

ఆ గీతలను రూపొందించిన జార్జ్ జోసెఫ్ లారర్ మాత్రము అది కాకతాళీయమనెను. ఆంగ్లమున తన పేరులోని మూడు మాటలకును ఆరేసి అక్షరములే గలవని గుర్తుచేసెను.