దస్తావేజు మీది వేలిముద్ర

ఇల్లో పొలమో రిజిస్ట్రేషన్ చేయించుకున్న వాళ్ల బీరువాలో ఆ దస్తావేజు భద్రంగా ఉంటుంది. ఒకసారి తీసి తిప్పి చూస్తే కొన్నవారి ఫొటో, అమ్మినవారి ఫొటో, వాటి పక్కన వేలిముద్రలు, కింద సంతకాలు కనిపిస్తాయి. చాలావాటికి ఆధార్ జిరాక్సులు కూడా జతచేసి ఉంటాయి. ఒకప్పుడు ఈ నకలు కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది. జనానికి ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పాలని రిజిస్ట్రేషన్ శాఖలు దస్తావేజులను ఆన్‌లైన్లోకి తెచ్చాయి. పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర మూడూ ఒకేచోట దొరికేసరికి మోసగాళ్ల పని సులువైపోయింది.

మొదట బయటపడింది తెలంగాణలోనే. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. సిమ్‌ల టార్గెట్ పూర్తి చేయడానికి అతను పట్టిన దారి విని పోలీసులే ఆశ్చర్యపోవాల్సిన పరిస్థితి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకుని, వాటి మీది వేలిముద్రలను బటర్ పేపరు మీద ప్రింటు తీసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకిలీ ముద్రలు తయారుచేశాడు. వాటిని వేలిముద్ర యంత్రం మీద అదిమి, ఎవరెవరి పేర్ల మీదో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ మనుషులెవరూ అతని దుకాణం గడప తొక్కలేదు. తమ పేరు మీద కొత్త సిమ్ పుట్టిందని వాళ్లకు తెలియను కూడా తెలియదు.

సిమ్‌లతో మొదలైనది బ్యాంకు ఖాతాల దాకా వెళ్లింది. 2022లో సైబరాబాద్ పోలీసులు ఛేదించిన ఒక కేసులో ముఠా వాడుకున్నది ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ వెబ్‌సైటులోని దస్తావేజులను. మరుసటి ఏడాది బెంగళూరులో, కర్ణాటక ప్రభుత్వపు కావేరి పోర్టల్ నుంచి తీసిన కాగితాలతో ఇదే తరహా దోపిడీ జరిగింది.

ఈ డబ్బు ఎలా పోతుందో తెలియాలంటే ఊళ్లోని మినీ బ్యాంకు దగ్గర కాసేపు నిలబడితే చాలు. పింఛను డబ్బుకో ఉపాధి కూలికో వచ్చిన పెద్దావిడ ఆధార్ నంబరు చెబుతుంది. నిర్వాహకుడు ఆ 12 అంకెలు కొట్టి, బ్యాంకు పేరు ఎంచుకుని, చిన్న యంత్రాన్ని ఆమె ముందుకు జరుపుతాడు. అరిగిపోయిన వేలిని చీర కొంగుతో తుడుచుకుని ఆమె రెండు మూడుసార్లు అదుముతుంది. ముద్ర కలిసిందంటే డబ్బు చేతికొస్తుంది. ఏటీఎం కార్డు లేదు, పిన్ లేదు, ఓటీపీ లేదు. ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయవచ్చు. చదువురాని వారికి, బ్యాంకు శాఖ లేని ఊళ్లకు ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటు. అందులో సందేహం లేదు. అయితే ఆధార్ జతచేసిన ఖాతాకు, ఖాతాదారు అడిగినా అడగకపోయినా, ఈ తలుపు తెరుచుకుని ఉండటం మాత్రం న్యాయం కాదు. నగరంలో ఉద్యోగం చేసుకుంటూ, ఫోన్‌లోనే లావాదేవీలన్నీ నడుపుకునే మనిషికి తన ఖాతాలోంచి వేలిముద్రతో డబ్బు తీయవచ్చన్న సంగతే తెలియదు. దొంగకు తెలుసు. బ్యాంకు పేరు ఒక్కటే అతనికి తెలియాల్సింది. పెద్ద బ్యాంకులు ఒక్కొక్కటే ప్రయత్నిస్తే అదీ దొరుకుతుంది.

ఇలాంటి కేసులు బయటపడుతుండటంతో ప్రభుత్వాలు కదిలాయి. ఆన్‌లైన్ దస్తావేజుల్లో వేలిముద్రలు కనబడకుండా చేయాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. యంత్రం మీద పెట్టింది ప్రాణమున్న వేలా, రబ్బరు ముద్రా అని పసిగట్టే పరిజ్ఞానాన్ని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో అమల్లోకి తెచ్చింది. కానీ అంతకుముందే డౌన్‌లోడ్ అయిపోయిన కాగితాలను వెనక్కి తెచ్చే మార్గం లేదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం.

అందుకే ముందుగా చేయాల్సిన పని బయోమెట్రిక్ లాక్. ఎంఆధార్ యాప్‌లోగానీ మైఆధార్ వెబ్‌సైటులోగానీ ఓటీపీతో లోపలికి వెళితే ఆ సదుపాయం ఉంటుంది. ఒకసారి తాళం వేస్తే వేలిముద్ర, కంటిపాప, ముఖం ఏవీ పనిచేయవు. ఓటీపీతో జరిగే పనులకు ఇబ్బంది ఉండదు. చిక్కల్లా రేషన్, పింఛను తీసుకునేవారి దగ్గరే. తాళం వేసి మరిచిపోతే రేషన్ దుకాణంలో యంత్రం వాళ్ల ముద్రను ఒప్పుకోదు. అప్పటికప్పుడు తాత్కాలికంగా తాళం తీసే వీలుంది, కాసేపటికి తాళం మళ్లీ దానంతటదే పడుతుంది. ఆ ఓటీపీ ఆధార్‌కు జతచేసిన ఫోనుకే వస్తుంది కాబట్టి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు ఊళ్లోని అమ్మానాన్నలకు దూరం నుంచి ఈ సాయం చేయాలన్నా ఆ ఫోను అమ్మానాన్నల దగ్గరే ఉండాలి, ఆ నంబరు ఇంకా పనిచేస్తూ ఉండాలి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ముందు సరిచూడాల్సింది అది. నెల నెలా తాళం తీయడం కుదరని పెద్దలకు ఇంకో దారి ఉంది. వేలిముద్రతో డబ్బు తీసే సౌకర్యం ఈ ఖాతాకు వద్దని బ్యాంకు శాఖలో రాసివ్వవచ్చు.

మైఆధార్‌లోనే ‘అథెంటికేషన్ హిస్టరీ’ అని మరొకటి ఉంటుంది. గడిచిన ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఏ తేదీన, ఏ పద్ధతిలో సరిచూశారో అందులో కనిపిస్తుంది. మీరు ఎక్కడా వేలు పెట్టని రోజున వేలిముద్ర లావాదేవీ కనబడితే ఆలస్యం చేయకూడదు.

ఇక జిరాక్సుల సంగతి. ఆధార్ నకళ్లు ఎక్కడపడితే అక్కడ ఇవ్వవద్దని 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. అది దేశమంతా గగ్గోలు రేపింది. రెండు రోజులకే, జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశముందంటూ ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ సలహాలో ఉన్న మాట మాత్రం ఈనాటికీ పాటించదగినదే. మాస్క్‌డ్ ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. లాడ్జి కౌంటర్లో గుర్తింపు కోసం ఇచ్చేందుకు అది చాలు.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో తెలుసుకునే సేవ మొదలైంది తెలుగు నేల మీదే. విజయవాడలోని టెలికాం శాఖ విభాగం రూపొందించిన ఆ పోర్టల్‌ను 2021లో ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చందాదారులకే అందుబాటులోకి తెచ్చారు. 2023లో అది టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో భాగమై దేశమంతటికీ అందింది. మీ నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. ఒక్కరి పేరు మీద తొమ్మిదికి మించి కనెక్షన్లు ఉండకూడదన్నది మన రాష్ట్రాల్లో నియమం. మీది కాని నంబరు కనిపిస్తే ‘నాది కాదు’ అని అక్కడే చెప్పవచ్చు. ఫోనుకు ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటల తరబడి రాకపోతే దాన్ని మామూలు టవరు సమస్యగా కొట్టిపారేయవద్దు. మీ నంబరుతో వేరొకరు కొత్త సిమ్ తీసుకుని ఉండవచ్చు.

పాన్ నంబరు దొరికితే మోసగాళ్లు అప్పులు పుట్టిస్తారు. రికవరీ ఏజెంటు ఫోను చేసేదాకా ఆ అప్పు ఉన్నట్టే తెలియదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు మన పేరు మీది అప్పులను చూపే పూర్తి క్రెడిట్ రిపోర్టును ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం 2017 నుంచి ఉంది. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే రూపాయి ఖర్చు లేకుండా ఏడాది పొడవునా కాపలా ఉన్నట్టే.

డబ్బు పోయిందని తెలిసిన క్షణం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. మొహమాటం, ఇంట్లో తిడతారన్న భయం, నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గు అన్నీ దొంగకే కలిసొస్తాయి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. వెంటనే బ్యాంకుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కాకుండా మూడోవారి వల్ల జరిగినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుకు నష్టం ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది. పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 66సీ సెక్షన్ పేరు రాయవచ్చు. వేరొకరి గుర్తింపును దొంగిలించి వాడితే ఆ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

మీరు తీసుకోని అప్పు క్రెడిట్ రిపోర్టులో ఉంటే, ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థకూ అప్పిచ్చిన సంస్థకూ రెండు చోట్లా అభ్యంతరం తెలపాలి. దాన్ని 30 రోజుల్లో పరిష్కరించాలి. గడువు దాటితే ఫిర్యాదుదారుకు రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది.