ఊకను దంచితే ఏమొస్తుంది?

తెలుగు ఉపన్యాసకుడు వినడానికి ఇష్టపడని మాట ఒకటున్నది. అది "ఊకదంపుడు". తరగతి గదిలో వెనుక బెంచీల నుండి ఆ మాట ఎన్నిమార్లు వినిపించినదో నాకే తెలుసు. వడ్లు దంచితే బియ్యం వస్తాయి. బియ్యం పోగా మిగిలిన ఊకను ఎంత దంచినా చేతులు నొప్పి పుట్టడమే గాని గింజ రాలదు. కనుకనే సారం లేని ప్రసంగానికి మన పెద్దలు ఆ పేరు పెట్టారు. అయితే గత యాభై ఏళ్ళలో శాస్త్రజ్ఞులు ఈ ఊకనే కాల్చి, ఆ బూడిదను దంచి, ఇల్లు కట్టే సామగ్రిని రాబట్టారు. భాషాశాఖవాడు రసాయన శాస్త్రంలో వేలు పెట్టడం సాహసమే గదా! మా రసాయనశాఖ మిత్రులు ఈ వ్యాసాన్ని ముందుగా చూచి తప్పులు దిద్దారని చెప్పుకుని ధైర్యం తెచ్చుకుంటున్నాను.

ఈ విషయంపై నాకు ఆసక్తి కలగడానికి స్వంత కారణం కూడా ఉన్నది. మా ఖాలా ఇల్లు ఒక బియ్యం మిల్లు వెనుక వీధిలో ఉండేది. కొత్త ధాన్యం వచ్చే రోజులలో ఆమె ఉదయం ఆరవేసిన బట్టలను సాయంకాలం మళ్ళీ ఉతుక్కునేది. నీళ్ళ కుండలపై ఎప్పుడూ తడిగుడ్డ కప్పి ఉండేది. ఒకనాడు గాలికి ఎగిరివచ్చిన ఊక నలుసు ఆమె కుడికంట పడినది. నలిపినది. కన్ను ఎర్రబడినది. ఎవరో చెప్పిన ఆకుపసరు పోసినారు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి పుండు పడి, నల్లగుడ్డుపై పువ్వు వేసినది. ఆ కంటికి మళ్ళీ పూర్తి చూపు రాలేదు. మిల్లు యజమాని దుర్మార్గుడేమీ కాడు. ఆ ఊకను, బూడిదను ఎక్కడ పోయాలో ఆయనకూ తెలియదు. ఊరి బయట చెరువు గట్టున పోయించేవాడు. గాలి దానిని తిరిగి ఊరిలోకే తెచ్చేది.

ముందు లెక్క చూద్దాం. 1000 కిలోల ధాన్యం ఆడిస్తే దాదాపు 200 కిలోల ఊక వస్తుంది. దానిని కాల్చగా రమారమి 40 కిలోల బూడిద మిగులుతుంది. ఇతర మొక్కల బూడిదకు, దీనికి పెద్ద తేడా ఉన్నది. ఊక బూడిదలో 85 నుండి 95 శాతం వరకు సిలికాయే. అంటే ఇసుకలో ఉండే పదార్థమే. వరి మొక్క నేలలోని నీటితోపాటు కరిగిన సిలికాను పీల్చుకుని, గింజకు కవచంలా పైపొట్టులో పేర్చుకుంటుంది. పశువులు ఊకను ముట్టకపోవడానికి అదొక కారణం. మన ఇళ్ళలో ఊక బూడిదతో అంట్లు తోమితే ఇత్తడి చెంబు తళతళలాడినది కూడా ఆ సిలికా గరుకుదనం వలననే. ఆ బూడిదతోనే పళ్ళు తోముకున్నవారు మన తాతల కాలంలో కొల్లలు. పళ్ళు అరిగాయంటే ఆశ్చర్యమేమున్నది?

ఇసుకలోనూ సిలికాయే ఉన్నప్పుడు ఇసుకను సున్నంలో కలిపితే చాలదా అని మీరడుగవచ్చు. చాలదు. అసలు కిటుకు ఇక్కడనే ఉన్నది. ఇసుకలోని సిలికా స్ఫటికరూపంలో, అణువులన్నీ బారులు తీరి బిగిసి ఉంటుంది. సున్నం దానిని ఏమీ చేయలేదు. ఊకను సుమారు 500 నుండి 700 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, తగినంత గాలి ఆడనిచ్చి కాలిస్తే వచ్చే సిలికా అట్లా బారులు తీరదు. అది చిందరవందరగా, కంటికి కనిపించని లక్షల రంధ్రాలతో తేనెపట్టువలె ఉంటుంది. దానిని మెత్తగా నూరి, సున్నం, నీరు చేర్చితే రెండూ కలిసి కాల్షియం సిలికేట్ జిగురుగా మారి గట్టిపడతాయి. సిమెంటు గట్టిపడినప్పుడు ఇసుకను, కంకరను పట్టి ఉంచేది కూడా ఇటువంటి జిగురే. వేడి 800 డిగ్రీలు దాటిందా, సిలికా మళ్ళీ స్ఫటికాలు కట్టడం మొదలుపెట్టి మొద్దుబారిపోతుంది. గాలి చాలకపోతే బొగ్గు మిగిలి బూడిద నల్లబడుతుంది. ఆ బొగ్గు నీటిని పీల్చి గారను బలహీనపరుస్తుంది. చెరువు గట్టున పోసిన బూడిద పనికిరానిదైనది ఊక దోషం వలన కాదు, కాల్చిన తీరు వలన.

ఈ విద్య మనకు పూర్తిగా కొత్తది కాదు. పూర్వపు మేస్త్రీలు ఇటుకపొడిని సున్నంతో గానుగలో ఆడించి డంగు చేసేవారు. ఆ పొడి పేరు సుర్ఖీ. ఉర్దూ విభాగం విద్యార్థులకు ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. "సుర్ఖ్" అంటే ఎరుపు. తెలుగు మేస్త్రీ నాలుక మీద ఆ ఉర్దూ మాట ఎంతగా స్థిరపడినదంటే, అది పరాయి మాట అని అతనికి తోచనే తోచదు. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్ట సున్నం, సుర్ఖీలతో కట్టినదే. కాల్చిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి చేసే పనినే ఊక బూడిద మరింత చురుకుగా చేస్తుంది. ఇటలీలో నేపుల్స్ సమీపాన ఉన్న పొజ్జువోలి అగ్నిపర్వతపు బూడిదతో రోమనులు చేసినదీ అదే. ఆ ఊరి పేరు మీదనే ఇటువంటి పదార్థాలకు పొజ్జొలానాలనే పేరు వచ్చినది.

ఆధునిక కాలంలో దీనిని శాస్త్రీయంగా నిలబెట్టినవారిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు పి.కె. మెహతా ముఖ్యులు. నియమిత వేడిలో ఊకను కాల్చి సిమెంటు చేసే పద్ధతికి 1978లో ఆయన పేర అమెరికాలో పేటెంటు లభించినది. కాన్పూరు ఐఐటీలో పి.సి. కపూర్ మరొక దారి తొక్కారు. పెద్ద యంత్రాలు లేని పల్లెలో సైతం బుట్ట, గొట్టం అమర్చి ఊకను చురుకైన బూడిదగా కాల్చే పొయ్యిని ఆయన రూపొందించారు. దానిని గూర్చిన పరిశోధన పత్రం 1985లో వెలువడినది. నా మట్టుకు నాకు ఈ రెండవదే ఎక్కువ నచ్చినది. పొయ్యి దగ్గర కూర్చునే మనిషిని తలచుకుని చేసిన పని అది. మన జాతీయ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456, 2000 సంవత్సరపు ప్రతిలో, అధికారుల అనుమతికి లోబడి ఊక బూడిదను కాంక్రీటులో వాడవచ్చునని పేర్కొన్నది.

సిమెంటు తయారీకి సున్నపురాతిని 1450 డిగ్రీల వరకు వేడిచేయాలి. ఆ రాయి నుండి, ఇంధనం నుండి వెలువడే బొగ్గుపులుసు వాయువు భూతాపానికి కారణమవుతున్నది. సిమెంటులో పదో ఇరవయ్యో వంతుల శాతం బూడిదతో భర్తీ చేస్తే ఆ మేరకు భారం తగ్గుతుంది. కాని అతిశయోక్తి తగదు. సున్నం కాల్చినా ఆ వాయువు వస్తుంది. బూడిద నీటిని ఎక్కువగా కోరుతుంది. సున్నం, బూడిదల గార నెమ్మదిగా బిగుస్తుంది. తొందరపడే గుత్తేదారుకు అది నచ్చదు.

కుర్చీలు, బల్లల సంగతి క్లుప్తంగా చెబుతాను. చెరకు పిప్పిని అట్టలుగా నొక్కి అమెరికాలోని లూసియానాలో 1920లలోనే సెలోటెక్స్ అనే పేరుతో ఇళ్ళ లోపలి గోడలకు అమ్మారు. మనవైపు చక్కెర మిల్లులు పిప్పిని తమ బాయిలర్లకే వాడుకుంటాయి గనుక అది నిజానికి వ్యర్థం కాదు. ఊకతోను బోర్డులు చేస్తారు. అయితే ఊక పైపొర మైనంవలె నున్నగా ఉండి జిగురును పట్టదు. అందులోని సిలికా వడ్రంగి రంపాన్ని త్వరగా మొండి చేస్తుంది. చవుక జిగుళ్ళలోని ఫార్మాల్డిహైడు మరొక చిక్కు. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ సంస్థ 2004లోనే నిర్ధారించినది. అన్నం మెతుకు నుండి పుట్టిన బల్ల అని మురిసిపోయే ముందు దానిని అతికించినది ఏమిటో అడగాలి.

ఇక కళాశాల కార్యవర్గానికి ఒక మనవి. వాహనాల షెడ్డు పక్కన పిట్టగోడ కట్టవలెనని నిర్ణయించారు గదా. అందులో నాలుగు గజాలు విద్యార్థులకు వదలండి. సమీపపు మిల్లు నుండి రెండు బస్తాల ఊక, ఒక బస్తా బాయిలరు బూడిద తెప్పిస్తే చాలు. బాయిలరు బూడిదను ప్రయోగశాల కొలిమిలో మళ్ళీ కాల్చి తూచితే, తగ్గిన బరువును బట్టి అందులో ఎంత బొగ్గు మిగిలి ఉన్నదో అంచనా కట్టవచ్చు. ఊకను మనమే 600 డిగ్రీల వద్ద కాల్చి పక్కన పెట్టుకోవచ్చు. రెండింటినీ వేర్వేరుగా నూరి, సున్నం, ఇసుకలతో అచ్చులు పోసి, తడి గోనె కప్పి 28 రోజులుంచి, ఏది ఎంత బరువుకు పగులుతుందో రాసుకోవాలి. నూరేటప్పుడు ముక్కుకు, నోటికి మాస్కు తప్పనిసరి. ఎక్కువ వేడిలో కాలిన బూడిద పొడి ఊపిరితిత్తులకు చేటు. కళ్ళద్దాలు కూడా కావాలి. వాటి ఖర్చు నేను పెట్టుకుంటాను.