పసిఫిక్కునకుఁ గరకట్ట

ఫ్రెంచి రచయిత్రి మార్గరీత్ ద్యురాస్ 1950వ సంవత్సరమునఁ బ్రకటించిన నవల యొకటి కలదు. దాని పేరునకు “పసిఫిక్కు నెదుర్కొను కట్ట” యని యర్థము. మూలమునందలి “బరాజ్” అను పదమే మనకు బ్యారేజి యై వచ్చినది. కాని మన వాడుకలో నది యేటినీటిని నిలిపి కాలువలకుఁ బాఱించు కట్టడము. నవలలోని కట్ట యట్టిది గాదు. ఉప్పునీరు పొలమునఁ జొరకుండ నడ్డముగా వేసినది. కావున దానిని ఆనకట్ట యనక కరకట్ట యనుటయే యుచితము. ఈ భేద మెఱుఁగనిచోఁ గథయే తాఱుమాఱగును. నీరు చాలక కాదు, నీరు వచ్చిపడి యిందలి విధవ చెడినది.

కథాస్థలము ఫ్రెంచివారి యేలుబడిలోని యిండోచైనా. ఉపాధ్యాయురాలైన ఫ్రెంచి స్త్రీ భర్త చనిపోఁగా నిరువురు బిడ్డలను బెంచుటకుఁ బాఠములు చెప్పెను. ఈడెన్ అను చిత్రశాలలోఁ బదియేండ్లు పియానో వాయించెను. అట్లు కూడఁబెట్టిన సొమ్ముతో సముద్రతీరమునఁ బొలము గొనెను. తొలియేఁడు నాట్లు వేయఁగా జూలై మాసపుఁ బోటు పైరును ముంచెను. మఱుసటి యేఁడు నట్లే యయ్యెను.

ఇచట వివరింపవలసినది పట్టా పద్ధతి. మొదట నిచ్చునది తాత్కాలికపుఁ బట్టా. గడువులోపల భూమి సాగులోనికి వచ్చినఁగాని యది స్థిరము గాదు. రానిచో భూముల కచ్చేరి దానిని మరలఁ దీసికొని వేఱొకరి కిచ్చును. లంచమిచ్చినవారికి మంచినేల, ఈయనివారికి ఉప్పునేల. ఉప్పునేల యెన్నఁటికిని సాగు గాదు గనుకనే దానిని మరల మరల నమ్ముకొనవచ్చును. కాగితములమీఁద దోష మేమియుఁ గానరాదు, నియమమే యురియైనది. దొరతనమువారి కచ్చేరి మోసము చేయునని యామెకుఁ దోఁపనేలేదు.

ఆమె యిల్లు తాకట్టుపెట్టి, పల్లెవారి నందఱను గూర్చుకొని కరకట్ట వేయించెను. పీతలు దానిని దొలిచినవి. పోటు వచ్చినప్పు డొక్కరాత్రిలోఁ గూలినది. పిమ్మట నామె కాయుధము జాబు మాత్రమే. కచ్చేరి యధికారికి నామె వ్రాసిన దీర్ఘలేఖ యీ నవలకుఁ బ్రాణము. అందుఁ బ్రార్థనయుఁ గలదు, బెదిరింపును గలదు. ఇంటిచుట్టునున్న యైదు హెక్టారుల మెరకనేలకైనఁ బట్టా యిమ్మని యడుగుటయుఁ గలదు.

ఒక విషయము మఱవరాదు. తెల్లవారిలోఁ బేదరాలైన యామెకు జాబు వ్రాయుట కక్షరములైనఁ గలవు. ఆకలిచేతను విషూచిచేతను బిడ్డలను బోఁగొట్టుకొను నచటి పల్లెవారికి నవియు లేవు. ఆమె పొందిన యన్యాయము మెట్లలో నొక మెట్టు. అట్టడుగున నున్నవారు వారు. నవల యీ రెంటిని నొక్కచోఁ జూపుటచేతనే గొప్పదైనది.

శబ్దవిషయమున రెండు మాటలు. ద్యురాస్ ఈమెకుఁ బేరు పెట్టలేదు. “తల్లి” యనియే వ్యవహరించినది. సంజ్ఞను విడిచి జాతివాచకమును గ్రహించుటచేత నొక్కతె గోడు పెక్కురది యైనది. మఱియు నా సముద్రము నిజమునకుఁ జైనా సముద్రము. పసిఫిక్కనుట తల్లి పట్టుదల. పసిఫిక్కనఁగా శాంతమైనదని యర్థము. పైరును మ్రింగినదానికి శాంతనామము!

కథ కల్పితమైనను మూలము సత్యము. ద్యురాస్ తల్లి మరీ లెగ్రాఁ, 1921లో భర్తను గోలుపోయి, కంబోడియాలోని ప్రేయ్ నోప్ వద్దఁ బొలము గొని యిట్లే నష్టపోయెను. ఆ ప్రాంతపుఁ గరకట్టలను బాగుచేయు పని 1998లో మొదలయ్యెను. ఇప్పు డచట వరి పండుచున్నది. ఆ కట్టలు వేయఁదగినవే. ఒంటరి విధవ వేయఁగలిగినవి మాత్రము గావు.