కారుపై గుడారం.. కొండెక్కే ముందే లెక్క చూడాలి

మదనపల్లె: సముద్రమట్టానికి నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న హార్స్లీహిల్స్‌కు వారాంతాల్లో బెంగళూరు నుంచి, చుట్టుపక్కల పట్టణాల నుంచి సొంత కార్లలో వచ్చేవారు ఎక్కువే. గదుల కోసం వెతుక్కునే పని లేకుండా కారు పైకప్పుపైనే పడక ఏర్పాటు చేసుకునే గుడారాలపై ఇటువంటి యాత్రికులకు ఆసక్తి పెరుగుతోంది. 1950వ దశకం చివర్లో ఇటలీలో తయారీ మొదలైన ఈ రూఫ్‌టాప్ టెంట్లు నేడు మన దేశంలోనూ లభిస్తున్నాయి. కొనేవారు సాధారణంగా గుడారం వైశాల్యం, రంగు, ధర చూస్తారు. దాన్ని మోయవలసిన కారు గురించి ఆలోచించేవారు తక్కువ. ఎంపిక మొదలు కావలసింది మాత్రం కారు నుంచే.

కదిలేటప్పుడు ఒక లెక్క.. ఆగాక మరొకటి

ప్రతి కారు పైకప్పుకూ ప్రయాణంలో మోయగల గరిష్ఠ బరువును తయారీదారు నిర్ణయిస్తారు. కారుతోపాటు ఇచ్చే పుస్తకంలో ఇది ఉంటుంది. చాలా కార్లకు ఇది 50 నుంచి 75 కిలోల మధ్యే. ఇద్దరు పడుకునే గుడ్డ గుడారమే 45 నుంచి 60 కిలోలు తూగుతుంది. గట్టి పెట్టె వంటి పైకప్పు ఉన్న రకాలు 60 నుంచి 80 కిలోల వరకూ, కొన్ని అంతకు మించి ఉంటాయి. ఉదాహరణకు 75 కిలోల పరిమితి ఉన్న కారుపై 60 కిలోల గుడారం పెడితే, దాన్ని బిగించే అడ్డకడ్డీల బరువు 8 కిలోలు అనుకున్నా మొత్తం 68 అవుతుంది. అందులో దుప్పట్లు, దిండ్లు మడిచిపెడితే ఇక మిగిలేది రెండు మూడు కిలోలే. చిన్న కార్లకు ఈ గుడారాలు సరిపడవని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

మరి ఇద్దరు మనుషులు పైన పడుకుంటే కప్పు కుంగదా అన్న సందేహం సహజం. ఆగి ఉన్న కారుకు మలుపుల ఊపు, గుంతల కుదుపు, బ్రేకు తాకిడి ఉండవు. బరువు నిలకడగా స్తంభాల మీదుగా చక్రాలకు చేరుతుంది. అందువల్ల నిలిపి ఉంచినప్పుడు కప్పు అనేక రెట్లు ఎక్కువ మోస్తుంది. అయితే అడ్డకడ్డీలకు కూడా విడిగా పరిమితి ఉంటుంది. కారుది, కడ్డీలది రెండూ చూసి తక్కువ ఉన్నదాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

ఘాట్ రోడ్డులో ఈ బరువు ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. మనిషి ఎత్తున అరవై కిలోలు కూర్చున్నప్పుడు మలుపుల్లో కారు బయటి వైపునకు ఎక్కువగా ఒరుగుతుంది. బెంగళూరు నుంచి వచ్చేవారు కొండ ఎక్కే ముందు మదనపల్లెలో ఆగి బోల్టులు ఒకసారి బిగించుకోవడం మంచిది. దిగేటప్పుడు తక్కువ గేరు తప్పనిసరి.

గాలిబండ చెప్పే పాఠం

కొండపై గాలిబండకు ఆ పేరు ఊరికే రాలేదు. అటువంటి చోట గుడారం ఆకారమే కీలకం. పుస్తకంలా తెరుచుకుని సగభాగం కారు పక్కకు వేలాడే రకంలో, ఆ భాగానికి ఆసరా నిచ్చెన ఒక్కటే. గాలి దాని కిందకు దూరి పైకి ఎత్తుతుంది. నాలుగువైపులా నిటారుగా లేచేవి గాలికి గోడలా అడ్డు నిలుస్తాయి. ఒకవైపే లేచి ఏటవాలుగా నిలిచే గట్టి కప్పు రకం ఇక్కడికి మేలు. పల్లపు వైపును గాలికి ఎదురుగా ఉంచి కారు నిలపాలి.

ఇక గుడ్డ సంగతి. నూలు, పాలిస్టర్ కలిపిన కాన్వాసుకు గాలి ఆడే గుణం ఉంది. కానీ బరువు, తడిస్తే త్వరగా ఆరదు. పాలిస్టర్ తేలిక. అయితే చలి రాత్రుల్లో ఊపిరి ఆవిరి లోపలి వైపు నీటి బిందువులై కారుతుంది. గుడ్డపై 2,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే అంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదని అర్థం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో వచ్చేవారు ఇంతకు తక్కువ ఉన్నది తీసుకోరాదు. తడిగా మడిచిన గుడారాన్ని ఇంటికి వెళ్లగానే ఆరబెట్టకుంటే బూజు పడుతుంది. చలికని లోపల బొగ్గుల కుంపటి, స్టవ్ వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఎక్కడ నిలపాలి?

కడప కలెక్టరు హార్స్లీ 19వ శతాబ్దంలో ఇక్కడ వేసవి విడిది కట్టుకోకముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. ఆనాటి కలెక్టర్లు జమాబందీకి వెళితే డేరాలు ఎడ్లబండ్లపై ముందే చేరేవి, అనుమతి అడిగే అవసరం వారికి లేదు. నేడు అలా కాదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం. రాత్రి బసకు అటవీశాఖ లేదా పర్యాటక విడిది ఆవరణలో ముందుగా అనుమతి పొందాలి. నీలగిరి చెట్ల నీడ ఆకర్షించినా వాటి కింద కారు నిలపరాదు. గాలి లేకున్నా పెద్ద కొమ్మలు విరిగిపడే స్వభావం వాటిది. ఎలుగుబంట్లు సంచరించే అడవి కనుక తినుబండారాలు గుడారంలో ఉంచకూడదు.

వాహన నిర్మాణాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే ధ్రువపరిచింది. కప్పుకు రంధ్రాలు వేయించే బిగింపులకు పోకుండా, ఊడదీయగలిగే కడ్డీలనే ఎంచుకుని, రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఊడదీయడానికీ ఇద్దరు ముగ్గురు కావాలి. అపార్టుమెంటు సెల్లారు ఎత్తును కూడా కొలుచుకోవాలి. వృద్ధులు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలకు అర్ధరాత్రి నిచ్చెన దిగే ఈ ఏర్పాటు కన్నా నేలపై వేసే గుడారమే నయం. దాని ఖర్చూ చాలా తక్కువ.