పెళ్లి శుభలేఖ చివర 'ఏపీకే' ఉందా?

ఆన్‌లైన్ మోసం అనగానే మనవాళ్లు జార్ఖండ్‌లోని జామ్‌తారా పేరు చెప్పేస్తారు. అంత దూరం వెళ్లక్కర్లేదు. 2025 మే నెలలో మన అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోనే, అద్దె అపార్ట్‌మెంట్లలో గుట్టుగా నడుస్తున్న ఓ కాల్ సెంటర్‌ని పోలీసులు పట్టుకున్నారు. 33 మందిని అరెస్టు చేశారు. అక్కడ కూర్చుని అమెరికా వాళ్లకి ఫోన్లు చేసేవారు. అమెజాన్ నుంచి మాట్లాడుతున్నామనేవారు. మీ ఖాతాలో ఏదో తేడా జరిగిందని భయపెట్టి, గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు లాగేవారు.

రోలుగుంట నుంచి అచ్యుతాపురం ఒక పూట ప్రయాణం కూడా కాదు. సెజ్‌లో ఉద్యోగాలకని మా వైపు కుర్రాళ్లు రోజూ వెళ్లొచ్చే ఊరే.

ఆ వార్తలో హ్యాకింగ్ అంటూ ఎక్కడా లేదు, గమనించారా? ముందే రాసిపెట్టుకున్న నాలుగు మాటలు, కాస్త భయం, కాస్త తొందర. అంతే. అమెరికాలో ఉన్నవాళ్లే పడిపోయారంటే, మా మావయ్య పడిపోవడంలో వింతేముంది?

మావయ్యకి జీడితోట ఉంది. పిక్కలు అమ్మిన డబ్బు ఖాతాలో పడిన వారానికే ఊరి వాట్సాప్ గ్రూపులో ఓ ఫైలు వచ్చింది. 'పీఎం కిసాన్ ఈకేవైసీ' అని పేరు, పక్కన ప్రభుత్వ ముద్రలాంటి బొమ్మ. ఏడాదికి 6 వేలు, మూడు విడతల్లో వచ్చే డబ్బు అది. ఆగిపోతుందంటే ఏ రైతు ఊరుకుంటాడు? నొక్కాడు. ఫోన్ ఏదో అడిగింది, 'అలౌ' అన్నాడు. మళ్లీ అడిగింది, మళ్లీ 'అలౌ'. ఆధార్ నంబరు, ఏటీఎం కార్డు నంబరు, దాని గడువు తేదీ అడిగింది, అవీ కొట్టాడు. ఆ తర్వాత తెర మీద ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్. "ఒరే అల్లుడూ, ఆ కిసాన్ది నొక్కితే ఏటీ రాలేదురా. ఖాతాలో డబ్బులేమో తగ్గినట్టున్నాయి."

"ఎవరు పంపారు మావయ్యా?"

"మనోడే కదేటి! మన గ్రూపులోనే వచ్చింది."

మనోడే, నిజమే. కానీ పంపింది మనోడు కాదు. అంతకుముందే అతని ఫోన్లో దూరిన యాప్, అతని పేరుతో తనంతట తానే గ్రూపులన్నిటికీ పంపేసింది. అందుకే 'తెలియనివాళ్లు పంపిన లింకు నొక్కొద్దు' అన్న పాత జాగ్రత్త ఇప్పుడు సగమే పనిచేస్తుంది. తెలిసినవాళ్ల దగ్గర్నుంచే వస్తోంది మరి. పెళ్లి శుభలేఖ అని వస్తుంది, ట్రాఫిక్ చలానా అని వస్తుంది, బ్యాంకు ఖాతా ఆపేస్తాం అని వస్తుంది. ఫైలు పేరు చివర 'డాట్ ఏపీకే' అని ఉంటే అది శుభలేఖ కాదు, చలానా కాదు. అదొక యాప్. శుభలేఖ అయితే ఫొటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. పెళ్లికి పిలవడానికి ఎవరూ మన ఫోన్లో యాప్ ఎక్కించరు.

ఇప్పుడు ఆ 'అలౌ' సంగతి. వృత్తిరీత్యా నాకు కాస్త తెలిసిన విషయం కాబట్టి వివరంగా చెబుతాను.

కొత్త ఫోన్లో యూపీఐ యాప్ పెట్టుకున్నప్పుడు, మీకు తెలియకుండానే ఆ ఫోన్‌లోంచి ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్తుంది. ఈ సిమ్ ఈ ఫోన్లోనే ఉంది, ఈ నంబరుతో ఉన్న బ్యాంకు ఖాతా వీళ్లదే అని తేల్చుకోవడానికి ఆ మెసేజే ఆధారం. అంటే యూపీఐలో మొదటి తాళం మన సిమ్. రెండో తాళం పిన్. కొత్త పిన్ పెట్టుకోవాలంటే సాధారణంగా డెబిట్ కార్డు నంబర్లో చివరి 6 అంకెలు, గడువు తేదీ, ఫోన్‌కి వచ్చే ఓటీపీ చాలు.

దొంగ యాప్‌కి ఎస్సెమ్మెస్ చదివే, పంపే అనుమతి ఇచ్చామనుకోండి. మొదటి తాళం వాడి చేతికి వెళ్లినట్టే. మన సిమ్ నుంచి వాడికి కావలసిన మెసేజ్ వెళ్తుంది. వచ్చిన ఓటీపీ మనకంటే ముందు వాడికి చేరుతుంది. కార్డు వివరాలు మనమే ఫారంలో నింపి ఇచ్చాం. ఇక పిన్ మనల్ని అడిగే పనేముంది? వాడే కొత్తది పెట్టుకుంటాడు. "నేనెవరికీ ఓటీపీ చెప్పలేదురా" అని మావయ్య పదిసార్లు అన్నాడు. నిజమే చెప్పాడు పాపం. బ్యాంకులో మాత్రం నమ్మడానికి కాస్త టైం పట్టింది.

అందుకే ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ చేతికి దొరికినప్పుడు రీల్స్ చూడ్డం ఆపి ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతకండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ వీటికి ఆ అనుమతి ఉంటే తీసేయండి. తర్వాత పర్మిషన్ మేనేజర్‌లో ఎస్సెమ్మెస్ అనుమతి ఏయే యాప్‌లకి ఉందో చూడండి. మావయ్య ఫోన్లో టార్చిలైట్ యాప్‌కి కూడా ఉంది! దీపానికి ఉత్తరాలు చదివే పనేమిటో నాకైతే అర్థం కాలేదు. ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసేయండి. మొత్తం కలిపి 5 నిమిషాల పని.

క్యూఆర్ మోసాల గురించి మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. పిన్ కొడుతున్నామంటే డబ్బు పోతున్నట్టే. మనిషి నుంచి మనిషికి పంపే 'కలెక్ట్ రిక్వెస్ట్'లను 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేయించింది కాబట్టి ఆ దారి కొంత మూసుకుంది. పాత వస్తువులు అమ్ముకునేవాళ్లని "స్కాన్ చేయండి, డబ్బులొస్తాయి" అని బుట్టలో వేయడం మాత్రం ఇంకా ఉంది.

సరే, పోయాక ఏం చేయాలి? ఇక్కడే ఎక్కువమంది టైం పోగొట్టుకుంటారు. ముందు ఇంట్లో తిట్టుకుంటారు, తర్వాత తెలిసిన కానిస్టేబుల్ కోసం వెతుకుతారు, ఆ తర్వాత బ్యాంకు తెరిచేదాకా ఆగుతారు. ఈలోపు డబ్బు నాలుగైదు ఖాతాలు మారి ఏ ఏటీఎంలోంచో బయటికి వచ్చేస్తుంది.

మొదట కొట్టాల్సిన నంబరు 1930. వాళ్లు ఫిర్యాదు తీసుకుని, డబ్బు వెళ్లిన బ్యాంకుకి సమాచారం పంపుతారు. అక్కడ ఇంకా మిగిలి ఉంటే ఆపుతారు. ఫోన్ చేసేముందు లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. యూపీఐ అయితే 12 అంకెలుంటుంది. ఎంత, ఎప్పుడు, ఏ ఖాతా నుంచి అన్నవి కూడా. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఈలోగా ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసి వేరే మామూలు ఫోన్లో వేయండి. మావయ్య సిమ్ మా అమ్మమ్మ బటన్ ఫోన్లోకి మారాకే మెసేజీలు దొంగకి వెళ్లడం ఆగింది. మూడు విడతల్లో పోయిన డబ్బులో చివరి విడత ఎక్కడో హోల్డ్‌లో పడింది. మిగతా రెండూ పోయాయి. హోల్డ్‌లో ఉన్నది చేతికి రావడానికి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

తొందరగా చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2017 జులైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, 3 పనిదినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదు. మన అజాగ్రత్త వల్ల పోయిందని తేలితే, చెప్పేదాకా పోయింది మనది. చెప్పిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకుది. కాబట్టి బ్యాంకుకి ఎన్ని గంటలకి చెప్పామో రుజువుండాలి. నోటిమాట సరిపోదు. ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి.

నేను ఇంట్లో అందరికీ చేసిపెట్టిన ఏర్పాటు ఒకటుంది. పంట డబ్బు, పొదుపు ఉన్న ఖాతాకి యూపీఐ లేదు, కార్డు ఆన్‌లైన్ వాడకం ఆపేశాం. కిరాణాకి, రీచార్జికి ఇంకో చిన్న ఖాతా. అందులో 3 వేలకి మించి ఉంచరు. పెద్ద ఖాతా నంబరు బటన్ ఫోన్లో ఉంటుంది. కొత్త యాప్‌లంటే సరదా ఉన్న నాలాంటివాడికి ఇది వెనకడుగులా అనిపిస్తుంది గానీ, దొంగకి దొరికినా 3 వేలే దొరుకుతుంది.

ఇక చివరి విషయం ఈ పేజీ చదివే కుర్రాళ్లకి నేరుగా. మావయ్య డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లింది? దొంగ తన సొంత ఖాతా పెట్టుకోడు. మనలాంటి వయసు వాడిదే ఏదో ఒకటి. "నీ ఖాతా, సిమ్, ఏటీఎం కార్డు ఓ నెల ఇవ్వు బ్రో, కమీషన్ ఇస్తాం" అనే మెసేజ్ టెలిగ్రామ్‌లోనో ఇన్‌స్టాలోనో చూసే ఉంటారు. కాలేజీ కుర్రాడికి ఖర్చులకి డబ్బు, చేసే పనేమీ లేదు. దీన్నే మ్యూల్ అకౌంట్ అంటారు. పోలీసులు మొదట చేరేది ఆ ఖాతా ఎవరి పేరు మీదుందో వాళ్ల ఇంటికే. 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి, అక్కడ మోసపు ఫోన్లు చేయడానికి బందీలైన విశాఖ కుర్రాళ్ల కథా ఇలాంటి తేలిక సంపాదన ప్రకటనతోనే మొదలైంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మీరు తీసుకోని నంబరు కనిపిస్తే అక్కడే 'నాది కాదు' అని నొక్కండి.